రాళ్ళ సాక్ష్యమును దాచని మిషనెరీ – స్టీఫెన్ హిస్లాప్ గారి జీవితము

ఈ శతవార్షిక సంచికలో మన డోర్నకల్ అధ్యక్ష ఖండమునకు పునాదులు వేసిన అజరయ్య బిషప్ గారిని గూర్చియు, వారితో కలిసి పనిచేసిన గురువులను, ఉపదేశకులను, బైబిలు స్త్రీలను గూర్చియు పలువురు వ్రాయుచున్నారు. అది తగిన పనియే. మేము మాత్రము మన ఖండములో ఒక్క దినమైనను పరిచర్య చేయని ఒక మిషనెరీని గూర్చి వ్రాయదలచితిమి. ఆయన స్టీఫెన్ హిస్లాప్ గారు. నాగపూరులో సువార్త పని ఆరంభించినవారు. మన ఖండము 1912లో ఏర్పడుటకు దాదాపు అర్ధ శతాబ్దము ముందే ప్రభువునందు నిద్రించినవారు. అయినను మన కాళ్ళ క్రింది నేలను గూర్చి నిజము చెప్పిన తొలి క్రైస్తవ సేవకులలో ఆయన ఒకరు గనుక ఆయనకు మనము ఋణపడియున్నాము.

మన నేల అనగా బొగ్గు నేల. ఇల్లందు ప్రాంతములో బొగ్గు ఉన్నదని 1870ల ఆరంభములో భూగర్భ సర్వే అధికారియైన విలియం కింగ్ గారు కనుగొన్నారు. తరువాత త్రవ్వకము మొదలైనది. ఆ బొగ్గు కొరకు వేసిన దారి వలననే డోర్నకల్ జంక్షను అయినది. నేడు భూపాలపల్లి గనులలో మన సంఘస్థుల బిడ్డలెందరో దిగుచున్నారు. పై కప్పు రాతి మీద ఆకు ముద్రలను వారు చూచుచునే యుందురు. అవి పచ్చని అడవిగా నిలిచినది ఇరువది ఐదు కోట్ల ఏండ్లకు పూర్వమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆదివారము ప్రసంగ పీఠము నుండియో, కన్వెన్షన్ పందిరి నుండియో భూమి వయస్సు ఆరువేల ఏండ్లేనని, శాస్త్రమే ఈ సంగతిని రుజువు చేసినదని వారు విందురు. అప్పుడు యౌవనస్థులు మమ్మును అడుగు ప్రశ్న ఒక్కటే. ఆ బోధకులు తెలియక అట్లు చెప్పుచున్నారా, లేక తెలిసియే చెప్పుచున్నారా?

ఇది చిన్న ప్రశ్న కాదు. తెలియక చెప్పినవారికి బోధ కావలెను, తెలిసి చెప్పినవారికి మారుమనస్సు కావలెను. ఒకరికి ఇవ్వవలసినది మరొకరికి ఇచ్చినయెడల మనమే అన్యాయము చేసినవారమగుదుము. దీనికి వాదము కంటె ఒక జీవితమే మేలైన జవాబని మాకు తోచినది.

హిస్లాప్ గారు స్కాట్లండు దేశములో డన్స్ అను చిన్న పట్టణములో 1817 సెప్టెంబరు 8వ తేదీన జన్మించారు. తండ్రి రాతి తాపీ పనివాడు, తమ సంఘములో పెద్ద కూడ. ఇంటి పని రాయి, ఇంటి గ్రంథము బైబిలు. ఈ రెండింటి మధ్య పెరిగిన బాలుడు పెద్దవాడై రెంటిలో దేనినీ విడువలేదు. దైవశాస్త్రము అభ్యసించిన దినములలోనే మొక్కలను, పురుగులను, రాళ్ళను గమనించు అలవాటు ఆయనకు ఏర్పడినది. 1843లో స్కాట్లండు సంఘము చీలి ఫ్రీ చర్చి ఏర్పడగా ఆయన దానిలో చేరి, ఆ మరుసటి ఏటనే మిషనెరీగా బయలుదేరారు. 1844 డిసెంబరులో బొంబాయి చేరి, 1845 ఆరంభములో నాగపూరు ప్రవేశించారు.

అప్పటి ఫ్రీ చర్చి ఎట్టిదో మన సంఘస్థులు తెలిసికొనవలెను. అది లేఖనములను తేలికగా ఎంచిన సంఘము కాదు. బైబిలు దేవుని వాక్యమని గట్టిగా నమ్మి, ఆ నమ్మకము నిమిత్తము గుడులను, జీతములను విడిచి వచ్చినవారి సంఘము. అయినను దాని నాయకుడైన టామస్ ఛామర్స్ గారు 19వ శతాబ్దపు ఆరంభములోనే ఆదికాండము భూమి వయస్సును నిర్ణయించి చెప్పలేదని బోధించారు. ఆ సంఘపు పత్రికను నడిపిన హ్యూ మిల్లర్ గారు తొలుత రాతి పనివాడు, తరువాత పేరుగాంచిన భూగర్భ శాస్త్రజ్ఞుడు. కాబట్టి భూమి మిక్కిలి పాతదని ఒప్పుకొనుట విశ్వాసమును విడిచినవారి పని అని ఎవరైన చెప్పినయెడల, చరిత్ర అట్లు చెప్పుట లేదు. అంతకు ఎంతో ముందు భక్తుడైన అగస్టీను గారు సృష్టి దినములను మన సామాన్య దినములుగా ఎంచలేదు.

నాగపూరులో హిస్లాప్ గారి ముఖ్యమైన పని సువార్త, పాఠశాల. మరాఠీ నేర్చి బోధించారు. కొండ జాతుల మధ్య తిరిగి, గోండుల భాషను, ఆచారములను ఓపికతో వ్రాసి పెట్టారు. ఆ వ్రాతలను ఆయన మరణానంతరము 1866లో రిచర్డ్ టెంపుల్ గారు అచ్చు వేయించారు. 1847లో రాబర్ట్ హంటర్ అను మరియొక మిషనెరీ వచ్చి చేరగా, ఇద్దరును ప్రయాణములలోను, సాయంకాలపు నడకలలోను రాళ్ళను పరీక్షింప మొదలుపెట్టారు.

నాగపూరు దగ్గర టాకళీ అను చోట వారు చూచినది విశేషమైనది. నల్లని అగ్నిపర్వత శిల ఒక పొర, దాని మీద మట్టితో ఏర్పడిన సన్నని పొర, దాని మీద మరల నల్లని శిల. ఆ నడిమి పొరలో మంచినీటి నత్తల గుల్లలు, మొక్కల గింజలు, పండ్లు రాయియై యున్నవి. దీని అర్థము పల్లెటూరి రైతుకు కూడ తెలియును. నిప్పు ప్రవాహము ఒకసారి పారినది, చల్లారినది, దాని మీద చెరువు నిలిచినది, చెరువులో నత్తలు పుట్టి పెరిగి తరములు గడచినవి, ఒడ్డున చెట్లు కాచినవి. తరువాత మరల నిప్పు వచ్చి ఆ చెరువును కప్పినది. ఇదంతయు ఒక్క ఏడాది వరదలో జరుగునది కాదు. వరదలో చెరువు నత్త ఇల్లు కట్టుకొనదు.

హిస్లాప్ గారు దీనిని చూచి దాచలేదు, మెలిత్రిప్పలేదు. ఏ చోట, ఏ పొరలో, ఎంత మందములో ఏమి దొరికినదో వ్రాసి, హంటర్ గారితో కలిసి లండనులోని భూగర్భ శాస్త్ర సంఘమునకు పంపారు. అది 1855లో అచ్చయినది. మంగళీ అను గ్రామములో దొరికిన కప్ప జాతి జంతువు తలను తామే పేరు పెట్టి ప్రకటించుకొనక, ఆ విద్యలో ఆరితేరిన రిచర్డ్ ఓవెన్ గారికి చేర్చగా, వారు దానికి బ్రాకియాప్స్ అని పేరు పెట్టారు. మన తెలంగాణలోనే ఆసిఫాబాదు ప్రాంతపు మలేరి నుండి హిస్లాప్ గారు సంపాదించిన చేప పళ్ళను 1859లో టామస్ ఓల్డ్‌హాం గారు వర్ణించారు. అవి ఊపిరితిత్తులు గల ఒక విధమైన చేపవి. మన కాళేశ్వరమునకు ఎదుటి ఒడ్డున సిరోంచ ఉన్నది గదా. దానికి ఉత్తరముగా ప్రాణహిత గట్టున కోట అను గ్రామపు సున్నపు రాళ్ళలో దొరికిన చేపలను గూర్చియు వారు విచారించారు. ఆ కోట రాళ్ళ నుండియే తరువాతి కాలములో బారపాసారస్ అను మహా జంతువు ఎముకలు బయటపడినవి. అదే వరుస రాళ్ళలో యామనపల్లి వద్ద దొరికిన కోటసారస్ అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా మ్యూజియములో మన పిల్లలు చూడవచ్చును. భూపాలపల్లి వైపున బొగ్గు పొరల మీద కనబడు ఇసుకరాతికి కామఠీ రాయి అని పేరు. నాగపూరు ప్రక్కన హిస్లాప్ గారు తిరిగిన కామఠీ కంటోన్మెంటు పేరే అది.

ఇక్కడ ఒక సంగతిని జాగ్రత్తగా గమనింపవలెను. హిస్లాప్ గారు చెప్పినదంతయు సరి కాలేదు. నాగపూరు ప్రాంతపు ఆకు ముద్రల రాళ్ళను, బొగ్గును ఆయన జురాసిక్ కాలమునకు చెందినవని తలంచారు. అవి అంతకంటె ఎంతో పాతవని, పెర్మియన్ కాలమువని తరువాత తేలినది. అనగా ఆయన లెక్క కోట్ల ఏండ్లు తప్పినది. అయితే ఎవరును ఆయనను అబద్ధికుడని అనలేదు. ఎందుకనగా తన ఎదుట ఉన్న సాక్ష్యమును పూర్తిగా బయట పెట్టి, తన అభిప్రాయమును వేరుగా చెప్పి, ఇతరులు దిద్దుటకు దారి తెరచి యుంచారు. తప్పు చెప్పుట వేరు, తప్పుగా చూపుట వేరు. మా ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరికినది. యథార్థత అనునది ఎల్లప్పుడు సరియైన మాట చెప్పుటలో లేదు. సాక్ష్యమును ముక్కలు చేయక యుంచుటలో ఉన్నది.

స్టీఫెన్ గారికి ఒక అన్న ఉండెను. ఆయన అలెగ్జాండర్ హిస్లాప్ గారు, ఆర్బ్రోత్‌లో ఫ్రీ చర్చి గురువు. రెండు బబులోనులు అను ఆయన గ్రంథము చిన్న పుస్తకముగా 1853లోను, పెద్దదిగా 1858లోను వెలువడినది. రోమను సంఘపు ఆచారములన్నియు నిమ్రోదు, సెమీరామిస్ అనువారి పూజ నుండి వచ్చినవని దాని వాదము. నిమ్రోదుకు సెమీరామిస్ భార్య అని చెప్పు ప్రాచీన ఆధారము ఏదియు లేదు. పేర్ల ధ్వని కలిసిన చోటనెల్ల ఆయన సంబంధము చూచారు. అయినను ప్రతి డిసెంబరులో క్రిస్మసు అన్యుల పండుగ అని చెప్పుచు మన ఊళ్ళకు వచ్చు బోధలకు మూలము ఎక్కువగా ఆ పుస్తకమే. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, ఒకే సంఘపు సేవకులు, ఒకే బైబిలు. తమ్ముడు రాతిని మాట్లాడనిచ్చి తాను విన్నారు. అన్న ముందుగానే తీర్పు వ్రాసికొని సాక్షులను దానికి తగినట్లు పిలిచారు. అన్నగారు మోసము చేయవలెనని కూర్చుండి వ్రాసారని మేము అనము. అంత శ్రమపడి అన్ని గ్రంథములు తిరుగవేసినవాడు తాను వ్రాసినది నమ్మియే యుండును. అయినను నమ్మకము బలముగా ఉన్నంత మాత్రమున సాక్ష్యము నిలువదు.

ఆ కథకు ఒక మంచి ముగింపు కూడ ఉన్నది. అమెరికాలో రాల్ఫ్ వుడ్రో అను బోధకుడు అలెగ్జాండర్ గారి పుస్తకమును ఆధారము చేసికొని 1966లో తానొక పుస్తకము వ్రాయగా అది విరివిగా అమ్ముడుపోయినది. తరువాత మూల గ్రంథములను తానే తెరచి చూచి, ఆధారములు అక్కడ లేవని కనుగొని, బాగుగా అమ్ముడుపోవుచున్న తన పుస్తకమునే నిలిపివేసి, ఆ వాదమును ఖండించుచు 1997లో వేరొక పుస్తకము ప్రకటించారు. తెలియక చెప్పినవాడు తెలిసిన దినమున ఏమి చేయునో చూపుటకు ఇంతకంటె మేలైన దృష్టాంతము మాకు కనబడలేదు.

ఇక భూమి వయస్సు సంగతి. ఐర్లండు ఆర్చిబిషప్ అషర్ గారు 1650లో సృష్టి క్రీస్తు పూర్వము 4004లో జరిగినదని లెక్క కట్టారు. తన కాలములో దొరకిన చరిత్రలన్నిటిని చదివి చేసిన యథార్థమైన పని అది. అప్పటికి భూగర్భ శాస్త్రము పుట్టలేదు. రాళ్ళ పొరలన్నియు నోవహు వరదలోనే ఏర్పడినవను బోధను 20వ శతాబ్దములో జార్జి మెక్రెడీ ప్రైస్ గారు ప్రచారము చేయగా, 1961లో విట్‌కాంబ్, మోరిస్ గార్ల గ్రంథము దానిని లోకమంతట వ్యాపింపజేసినది. అక్కడ నుండియే మన కరపత్రములకు, ప్రసంగములకు అవి దిగుమతి అయినవి. అనగా మన బోధకులలో ఎక్కువమంది ఎన్నడును ఒక రాతిని గాని, మూల వ్యాసమును గాని చూచినవారు కారు. విన్నది చెప్పుచున్నారు. వారిని మోసగాండ్రు అనుట న్యాయము కాదు.

కాని ఆ మాటలను మొదట తయారు చేసిన చోట కొన్నిసార్లు వేరు సంగతి కనబడుచున్నది. ఒక నత్త కథ చెప్పెదము. బ్రదికియున్న నత్త గుల్లను కార్బన్ పరీక్ష చేయగా రెండువేల ఏండ్ల వయస్సు చూపినదని, కాబట్టి ఆ పరీక్షలన్నియు వ్యర్థమని చెప్పుదురు. 1963లో ఆ పరీక్ష జరిగినది నిజమే. అయితే దానిని ప్రకటించిన శాస్త్రజ్ఞులే కారణమును కూడ అదే వ్యాసములో వివరించారు. ముఖ్యముగా కుళ్ళిన మొక్కల మట్టి నుండియు, కొన్ని చోట్ల సున్నపు రాతి నుండియు నీటిలోనికి వచ్చిన పాత కార్బనును ఆ నత్తలు గుల్ల కట్టుకొనుటకు వాడినవి. ఆ వివరణను కత్తిరించి సంఖ్యను మాత్రమే తీసికొన్నవాడు వ్యాసము చదివెనా, చదువలేదా? చదువనియెడల చదివినట్లు చెప్పుట తప్పు. చదివినయెడల సగము దాచుట ఇంకను పెద్ద తప్పు. మరియు బొగ్గు వయస్సును కార్బన్ పరీక్షతో ఎవరును నిర్ణయింపరు. అది సుమారు ఏబదివేల ఏండ్ల లోపు వాటికే పనికివచ్చును. పాత రాళ్ళకు యురేనియము సీసముగా మారు లెక్క మొదలైనవి వేరుగా ఉన్నవి. డార్విన్ గారు 1859 నాటి గ్రంథములో కంటిని గూర్చి మొదట ఒక కష్టమును ఒప్పుకొని, వెంటనే దానికి జవాబు వ్రాసారు. ఆ కష్టమును చూపి జవాబును విడిచిపెట్టుట కూడ ఇట్టిదే.

న్యాయము కొరకు మరియొక ప్రక్కను కూడ చెప్పవలెను. టెక్సాసులో పాలక్సీ నది రాళ్ళలో మహా జంతువుల అడుగులతో పాటు మనుష్యుల అడుగులు ఉన్నవని ఒక చలనచిత్రము తీసి చూపుచుండిరి. 1980ల మధ్యలో ఆ గుర్తులను దగ్గరగా పరీక్షించి, మనుష్యులవి కావని తేలగా, ఆ చిత్రమును తీసినవారే దానిని ఉపసంహరించుకొన్నారు. చంద్రుని మీద ధూళి తక్కువ గనుక చంద్రుడు క్రొత్తవాడను వాదమును, భూమి చిన్నదని నమ్మువారి పత్రికయే 1993లో లెక్కలు సరిచూచి, ఇక వాడవద్దని చెప్పినది. వారి అభిప్రాయముతో మేము ఏకీభవింపము. కాని ఆ పనిని మెచ్చుకొనుచున్నాము. విచారకరమైన సంగతి ఏమనగా, చేసినవారు విడిచిపెట్టిన ఆ వాదములను విన్నవారు ఇంకను మోయుచున్నారు.

కాబట్టి మా అభిప్రాయము ఇది. వీరు మూడు విధములుగా ఉన్నారు. తెలియక చెప్పువారు మొదటివారు. మన మధ్య వీరే ఎక్కువ. వీరిని ప్రేమతో దిద్దవలెను. తెలిసి చెప్పువారు రెండవవారు. దిద్దబడిన తరువాత కూడ అదే మాటను వేరొక ఊరిలో చెప్పినవాడు వీరిలో చేరును. తెలిసికొనుటకు ఇష్టపడనివారు మూడవవారు. తలుపు తెరచినయెడల వెలుగు వచ్చునేమోనని తెరువనివాడు అబద్ధికుడు కాకపోవచ్చును గాని యథార్థవంతుడు అనలేము. హృదయములను ఎరిగినవాడు దేవుడొక్కడే. మనము చూడగలిగినది దిద్దినప్పుడు మనుష్యుడు ఏమి చేయునో అది మాత్రమే. తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానికి విరోధమైన అబద్ధ సాక్ష్యమును నిషేధించుచున్నది. దేవుని పక్షమున పలికినంత మాత్రమున ఆ ఆజ్ఞ సడలదు. ఆయన సృజించిన రాతిని గూర్చి అబద్ధము చెప్పి ఆయనకు మహిమ తెచ్చుట ఎట్లు?

దీని వలన కలుగు నష్టము మన కండ్ల యెదుటనే ఉన్నది. గనిలో పని చేయు యౌవనుడు, కాలేజీలో చదువు బిడ్డ, బోధకుడు చెప్పిన రాతి సంగతి అబద్ధమని ఒక దినమున తెలిసికొనును. తన చేతితో ముట్టిన దానిని గూర్చి అబద్ధము చెప్పిన నోరు, తాను చూడని పునరుత్థానమును గూర్చి చెప్పినప్పుడు అతడు ఎట్లు నమ్మును? ఆ బిడ్డ సంఘమును విడిచి వెళ్ళినయెడల అతని విశ్వాసము బలహీనమని తేలికగా అందుము. అతనికి మనమిచ్చిన తూకపు రాయి తప్పుడుదని మాత్రము ఒప్పుకొనము.

హిస్లాప్ గారి అంత్య దినము 1863 సెప్టెంబరు 4. నాగపూరుకు దక్షిణమున టాకళ్‌ఘాట్ వద్ద పూర్వికులు నిలిపిన రాతి వలయములను టెంపుల్ గారితో కలిసి పరీక్షించి, అక్కడి పాఠశాలను చూచుటకు ఆగి, చీకటిలో ఒంటరిగా గుఱ్ఱము మీద తిరిగి వచ్చుచుండిరి. వానకు వాగు పొంగియుండెను. గుఱ్ఱము మాత్రమే విడిదికి చేరినది. వెదకగా దేహము నీటిలో దొరికినది. నలువదియారు ఏండ్లు నిండుటకు నాలుగు దినములు తక్కువ. రాళ్ళను చూచుటకు వెళ్ళినవారు బడి పిల్లలను చూచుటకు ఆగిరి. ఆయన జీవితములో ఈ రెండు పనులు ఎన్నడును పోట్లాడలేదు. ఆయన పేరట 1883లో నాగపూరులో స్థాపింపబడిన కళాశాల నేటికిని నిలిచియున్నది. హిస్లాపైట్ అను ఆకుపచ్చని రాయి కూడ ఆయన పేరు మోయుచున్నది.

రెండవ శతాబ్దములో అడుగు పెట్టు మన సంఘములకు మేము చేయు మనవి ఇది. ప్రసంగములో శాస్త్రపు సంగతి చెప్పవలసి వచ్చినయెడల, ఎక్కడ నుండి వచ్చినదో అడిగి, తెలిసినవారితో సరిచూచి చెప్పుదము. మన సంఘములోనే గని పనివారు, సైన్సు ఉపాధ్యాయులు ఉన్నారు. వారిని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. తప్పని తెలిసిన దానిని అదే పీఠము నుండి దిద్దుదము. ఆదికాండము మొదటి అధ్యాయము సృష్టికర్త యెవరో చెప్పుచున్నది. ఆయన ఎంతకాలము తీసికొన్నారో భూపాలపల్లి రాళ్ళు చెప్పనిండు. రెంటిని వ్రాసినవాడు ఒక్కడే గనుక, రెంటిలో దేనిని చదువునప్పుడును మనము భయపడనవసరము లేదు.